అమ్మ నా పేరున పెట్టిన చీరలు

బనగానపల్లె నుంచి పెన్న ఒడ్డుకు దూరం ఎంతో కాదు. బస్సు బాగుంటే ఒక పగలు, చెడిపోతే రెండు. ఆ దారిన నేను ఇరవై రెండేళ్ళు పోలేదు. కర్నూలు మనకు రాజధాని అయిన మరుసటి ఎండాకాలంలో పోయి, ఆరు రోజులకు తిరిగి వచ్చాను. మా సంఘంలోని ఆడవాళ్ళు ఆ ఆరు రోజుల సంగతి చాలాసార్లు అడిగారు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తున్నాను. కష్టమైన చోటే వదిలేస్తున్నాను. అందుకని రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై దాటినాక వచ్చాయి. మా ఇంటాయన రోజూ చదివి వినిపించే పుస్తకం, ఆయన పోయినాక గూట్లో ఊరికే పడి ఉంటే చూడలేక, మిషను బడిలో పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్నాను. కాగితం మీద అయితే, వదిలేసిన చోటు కనీసం నాకైనా కనిపిస్తుంది.

బనగానపల్లె

కబురు తెచ్చింది గాజుల రమీజాబీ. ఏటా ఒకసారి గాజుల మలారం భుజాన వేసుకొని జమ్మలమడుగు వైపు నుంచి మా పల్లెకు వస్తుంది. నేను గాజులు తొడుక్కునే రోజుల్లోనూ, మానేసిన తరువాతా, మా అరుగు మీద కూర్చోకుండా పోయేది కాదు. పిల్లకు నడక వచ్చిందా, మా ఇంటాయనకు దగ్గు తగ్గిందా, పొలం ఎవరు చేస్తున్నారు, అన్నీ అడిగేది. ఇంకో ఊళ్ళో చెప్పుకోవడానికి అడుగుతుందనుకొని నేను సగం సగం చెప్పేదాన్ని. ఈసారి ఆమె మలారం దించనే లేదు.

"మీ అమ్మ మంచాన పడింది మంగమ్మా. నిన్ను ఒకసారి చూడల్లంటాంది. ఇంగ ఎక్కువ దినాలు లేవు," అంది.

నన్ను మంగమ్మ అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి నేను మార్తమ్మను. మా పుట్టిల్లు పెన్న పక్కన కాపు ఇల్లు, నాలుగు కాండ్ల ఎద్దుల సేద్యం. ఊరి పేరు రాయను, మా అన్న ఇంకా ఆ ఊళ్ళోనే బతకాలి. నా పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు మా ఇంటాయన ప్రభువును నమ్ముకున్నాడు, ఆయన వెనక నేనూ నమ్ముకున్నాను. ఇద్దరం ఒకే రోజు చెరువులో మునిగాం. ఆ సంగతి తెలిసిన వారానికి మా నాయన గడ్డితో బొమ్మ చేయించి, దానికి నా పాత చీర చుట్టి, పెన్న ఇసుకలో తగలబెట్టించాడు. మా అన్న తల గొరిగించుకున్నాడు. పదకొండో రోజు ఊరికి అన్నం పెట్టారు. నేను ఇక్కడ జొన్నలు దంచుకుంటూ ఉండగా అక్కడ నా కర్మ జరిగిపోయింది. ఆ తరువాత ఆ ఇంటి నుంచి మనిషి రాలేదు, మాట రాలేదు.

ఇప్పుడు అమ్మ పిలిచింది. ఆమె కండ్లు మూసేలోపు చేరాలి, చేరినాక ఆ ఇంటివాళ్ళు చూడనివ్వాలి. నాకు వేరే ఆలోచన లేదు.

బయలుదేరే ముందటి సంగతి ఇంకొకటి చెప్పాలి. మా పల్లెలో సుందరమ్మ అనే పిల్ల రెండేళ్ళ కిందట సంఘంలో చేరింది. ఆమెకు వాక్యం చెప్పింది నేనే. పోయిన ఏడు పెద్దల అమావాస్య నాడు వాళ్ళమ్మ, చనిపోయినవాళ్ళ ముందు పెట్టిన కొత్త చీరను తెచ్చి కూతురికి ఇచ్చింది. ఆ చీరను ఇంటి ఆడపడుచు కట్టుకోవడం మన వైపు వాడుక. చనిపోయినవాళ్ళకు పెట్టింది తినగూడదు, కట్టగూడదు అన్నది మా సంఘం కట్టడి. వెనక్కి ఇచ్చి రమ్మని సుందరమ్మకు నేనే గట్టిగా చెప్పాను. ఆ పిల్ల చీరను తీసుకుపోయి తల్లి అరుగు మీద పెట్టి వచ్చింది. ఆ రోజు నుంచి తల్లి ఆమెతో మాట్లాడలేదు. నేను బస్సెక్కే రోజు సుందరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తూ, నిన్నైతే మీ అమ్మ పిలిచింది అక్కా, అని మాత్రం అంది.

మామిడిపండ్ల కాలం. అంగట్లో డజను పన్నెండణాలు చెప్పి పది అణాలకు ఇచ్చారు. రెండు డజన్లు, పండీ పండనివి ఏరి, వరిగడ్డిలో పొదిగి బుట్టలో కట్టించాను. వండినదైతే నా చేతి నుంచి మా ఇంట్లో ఎవరూ తీసుకోరు. పండుకు మైల లేదు, పండు ఎవరి చేతిదైనా తింటారు. ఇరవై రెండేళ్ళు ఆలోచించినా ఇంతకంటే మంచి దారి నాకు దొరికేది కాదు.

కోవెలకుంట్ల దాటినాక

బస్సులో నా పక్కన మిరపకాయల శెట్టి ఒకాయన. మనిషి బరువు, మాట తేలిక. కర్నూలు నుంచి వస్తున్నవాళ్ళు ఇద్దరు రాజధాని సంగతులు చెప్పుకుంటున్నారు. కచేరీలు డేరాల్లో పెట్టారట, గుమాస్తాలు గాలికి కాగితాల మీద రాళ్ళు పెట్టుకొని రాస్తున్నారట. "రాళ్ళకేం కరువప్పా మనకు," అన్నాడు శెట్టి. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా పుట్టింటి దారిలో నవ్వుతున్నానని తెలిసి ఆగిపోయాను.

కోవెలకుంట్ల దాటితే నల్లరేగడి. పైరు కోసేశారు, నేల నెర్రెలిచ్చి ఉంది, చెట్టు నీడ అనేది మైలుకు ఒకటి. ఒక గుంతలో బస్సు ఎగిరినప్పుడు శెట్టి లేచి, తిరిగి సరిగ్గా నా బుట్ట మీద కూర్చున్నాడు. ఐదు పండ్లు చితికాయి. ఆయన వెనక పంచె అంతా రసం. "పదిమంది తినాల్సిన పండ్లు నా పంచె తినిందే తల్లీ," అని ఆయన నొచ్చుకున్నాడు. దుడ్లు ఇస్తానన్నాడు, వద్దన్నాను. మిగిలినవాటిని నా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. మరి కొంతదూరం పోయినాక బస్సు ముందు భాగం నుంచి ఆవిరి లేచింది, డ్రైవరు దిగి చూసి తల ఊపాడు. బాగుచేసే సామాను కోవెలకుంట్ల నుంచి రావాలి, అది రేపటి మాట.

శెట్టి ఎవరి బండినో పట్టుకొని వెళ్ళిపోయాడు. నేను బుట్ట నెత్తిన పెట్టుకొని, దూరంగా కనిపించిన పల్లె వైపు నడిచాను. ఆ పల్లె చివర బండలు కప్పిన చిన్న గుడి మీద సిలువ కనిపించింది.

కుందేటి ఒడ్డు

గుడి పక్క గుడిసెలో దీనమ్మ అనే ముసలామె. డెబ్బై ఉంటాయి. నేను ఎవరు, ఏ కులం అని అడగలేదు. ప్రభువు నామంలో వచ్చావా అని అడిగి, ఏట్లో చెలమ తోడి తెచ్చిన నీళ్ళు పళ్ళెంలో పోసి, నా కాళ్ళు కడిగింది. ఆ నీళ్ళ కోసం వాళ్ళు ఎంత దూరం పోతారో తరువాత తెలిసింది. తెలిసి ఉంటే కడగనిచ్చేదాన్ని కాదు.

మా వైపు రొట్టె, పప్పు. ఇక్కడ జొన్న సంగటి, చింతచిగురు పులుసు, నంజుకోవడానికి చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. ఆమె ఒక ముద్ద నాకు పెట్టి, తాను సగం ముద్ద తిన్నది. తింటూ నా కథంతా రాబట్టింది. వింటున్నంతసేపూ విసనకర్ర నా వైపే విసిరింది.

మా తాతల నాటి నుంచి మేము కిరస్తానంలోనే ఉన్నాం అని ఆమె చెప్పింది. వాళ్ళ తాతలు చేరిన ఏడు రెడ్లు కూలికి పిలవడం మానేశారట, కళ్ళంలో గింజ వేయలేదట, బావి దగ్గరికి రానీయలేదట. చెలమ నీళ్ళు అలవాటైంది అప్పటి నుంచే. ఆ ఏడు దీనమ్మ నాయనకు అన్నదమ్ములు ముగ్గురు పోయారు, ఆకలికి.

"అయినా మేమంతా ఒగచోటే ఏడ్సినాం తల్లీ," అంది. "నువ్వు ఒగదానివే ఏడ్సింటావు. అది వేరే."

పడుకునే ముందు ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మా అమ్మ పేరు అడిగి తెలుసుకొని, ఆ పేరు ప్రార్థనలో చెప్పింది. మా అమ్మ పేరు ఇంకొకరి నోట వినడం ఇరవై రెండేళ్ళకు అదే మొదలు.

జమ్మలమడుగు

మరునాడు పొద్దున వేరే బస్సు దొరికింది. జమ్మలమడుగులో ఎండ బండల మీద పడి మొహానికి కొడుతుంది. కడప బండతో గోడలు, కడప బండతో కప్పులు, చెరువు మెట్లకూ అదే బండ. సంత రోజు కావడంతో నేతగాళ్ళు చీరలు పరుచుకొని కూర్చున్నారు. మా అమ్మ చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకొని ఈ సంతకు వచ్చేది. చీర కొనే ముందు కొంగు పట్టి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది, నేతగాడి మాట నమ్మేది కాదు.

కాఫీ కోసం ఒక హోటలుకు పోయాను. ఎవరమ్మా మీరు అని గల్లా దగ్గరి ఆయన అడిగాడు. మా నాయన పేరు చెబితే లోపల బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు, ఈ తాలూకాలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. కిరస్తానం అన్నాను. మర్యాదగానే, బయట మెట్టు చూపించి, వేరే గ్లాసులో పోయించాడు. అణా కాఫీయే, రుచిలో తేడా లేదు. అక్కడే మెట్టు మీద జట్కా సాయిబు ఒకాయన తాగుతున్నాడు. మా ఊరికి రూపాయి అడిగి, మామిడిపండ్ల వాసన చూసి, పన్నెండణాలూ ఒక పండూ అన్నాడు. ఒప్పుకున్నాను. దారిలో, ఎవరింటికి బేటీ అని అడిగాడు. చెప్పాను. ఆ ఇంట్లో ఒక కూతురే, ఆమె ఎప్పుడో చచ్చిపోయిందని విన్నానే అన్నాడు. నేను బుట్టలో గడ్డి సర్దుకున్నాను. ఆయన గుర్రాన్ని అదిలించి, తానే, అల్లా దయ, అన్నాడు.

మా ఊరు

పొద్దు వాలుతుండగా దిగాను. ఇంటి ముందు అన్న నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, అచ్చం పోయిన నాయనే. నన్ను చూశాడు. చూసి, పక్కనున్న గుంజతో చెప్పినట్టు, లోపలున్న వదినకు వినపడేలా అన్నాడు:

"కొట్టంలో చూసి పొమ్మను. గడప మాత్రం దాటగూడదు. దాటితే ఊరికి నేను జవాబు చెప్పుకోలేను."

చచ్చినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు. ఆయన కోపంగా అనలేదు. ఆ మాత్రం అనడానికే ఆయన ఎంత తెగించాడో నాకు తెలుసు.

వదిన వచ్చి నన్ను పశువుల కొట్టం వైపు తీసుకుపోయింది. మంచం అక్కడ ఉంది. ఎద్దులను అటు కట్టి, ఇటు పేడనీళ్ళు చల్లి, మంచం వేశారు. నా మొహం చూసి వదిన అంది: "మేము ఏయలేదు మే. ఆయమ్మే నాలుగు దినాల కిందట మొండికేసింది. అది ఇంట్లోకి రాగూడదంటే నేనే బయటికి పోతా, నన్ను కొట్టంలో ఏయండి అని."

అమ్మ ఒక పిడికెడు అయ్యింది. కండ్లలో పొరలు. నా అడుగు విని, "మంగీ," అంది. చెయ్యి చాపితే నా చెయ్యి ఇచ్చాను. మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమింది. గాజులు లేని చెయ్యి. ఎందుకు లేవని అడగలేదు. చూపు పోయింది కదా, పట్టించుకోలేదేమో అనుకున్నాను. పిల్లల సంగతి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని దారంతా భయపడ్డాను. నాకు పుట్టింది ఒకే ఆడపిల్ల, నాలుగో ఏట పోయింది.

పండు మెత్తగా పిసికి, తొడిమ తీసి, నోటి దగ్గర పెట్టాను. చిన్నపిల్లలా చీకింది. రెండో పండు కూడా అడిగింది. రసం గడ్డం మీద కారితే నా కొంగుతో తుడిచాను. నా చేతిది మా అమ్మ తిన్నది. ఆ గడియలో ప్రభువు నాకు ఇంక ఏమీ ఇవ్వక్కర్లేదు అనిపించింది.

పండ్లు తిన్నాక అమ్మ వదినతో, పెట్టె తెమ్మంది. వదిన లోపల నుంచి చెక్కపెట్టె ఒకటి ఈడ్చుకొచ్చి, మూత తీసి, వివరం చెప్పింది. నా కర్మ అయిన ఏడు నుంచి ఏటా పెద్దల అమావాస్యకు అమ్మ నా పేరున ఒక చీర పెడుతూ వచ్చింది. పోయిన కూతురికి తల్లి చీర పెడితే ఎవరూ అడ్డం చెప్పరు. ఆడపడుచు లేని ఇంట్లో అమావాస్య మరునాడు ఆ చీరను కోడలు కట్టుకోవాలి. వదిన కట్టుకోలేదు. బతికున్న మనిషిది నేనెట్ల కట్టేది అని పక్కన పెట్టింది. అమ్మ వాటిని వేపాకుతో మడిచి ఈ పెట్టెలో దాచింది. ఇరవై రెండు.

"పైది తీసి కట్టుకో మంగీ," అంది అమ్మ. "నేను తడిమి చూస్తా."

పైన ఉన్నది అంచు లేని తెల్లటి ముతక చీర. అమ్మకు కొనే శక్తి తగ్గి ఉంటుందనుకున్నాను. చేతిలోకి తీసుకోలేదు. నాకు సుందరమ్మ కనిపించింది, చీర చంకన పెట్టుకొని తల్లి అరుగు వైపు పోతున్న సుందరమ్మ. ఆ పిల్లకు వద్దని చెప్పింది నాకు ఎట్లా చెల్లుతుంది?

"ఇవి పెద్దలకు పెట్టినవి గదమ్మా," అన్నాను. "మేము కట్టగూడదు."

ఎద్దు నెమరు వేయడం వినిపిస్తూ ఉంది.

"మీ దేవుడు నేను పెట్టిన చీర గూడా కట్టనీడా?"

కోపం లేదు ఆ గొంతులో. తెలియక అడిగింది. సుందరమ్మకు చెప్పిన జవాబులు అమ్మకు చెప్పలేదు. నీ చేతి అన్నం పెట్టు, తింటాను, నీ మంచం కింద పడుకుంటాను, ఇది ఒక్కటి మాత్రం వద్దని ఏదో అన్నాను.

"కూటికి నిన్ను పిలిచేది నా చేతిలో ల్యా," అంది అమ్మ. "నా చేతిలో ఉన్నింది ఇదొగటే."

గోడ వైపు తిరిగింది. నా మణికట్టు మాత్రం వదల్లేదు. ఇంకొంతసేపటికి, పెట్టె నువ్వే తీసుకుపో, ఈడుంటే నాతోపాటు తగలబెడతారు, అంది. తీసుకుపోతానని మాట ఇచ్చాను. ఆ తరువాత ఆమె మాట్లాడలేదు. తెల్లవారి ఎద్దులను బయటికి తోలే వేళకు ఆమె వేళ్ళు చల్లబడ్డాయి.

కొట్టం నుంచి నన్ను పక్కకు తప్పుకోమన్నారు. నోట్లో నీళ్ళు వదిన పోసింది. పెన్న ఇసుకలో, నా గడ్డిబొమ్మ కాలిన చోటికి దగ్గరలోనే అమ్మను కాల్చారు. నేను దూరంగా తుమ్మచెట్ల దగ్గర నిలబడ్డాను. శవం వెనక కూతురు శోకం పెట్టాలి. కూతురు లేదు కాబట్టి ఎవరో వరసకు కూతురయ్యే ఆమె పెట్టింది. పొరుగూరి ఆడమనిషి ఒకామె నన్ను చూపిస్తూ ఎవరని అడిగితే వదిన చెప్పిన మాట గాలికి నా దాకా వచ్చింది.

"బనగానపల్లె ఆమె. పండ్లు తెచ్చింది."

అన్న స్నానం చేసి తడిబట్టతో నా ముందు నుంచే పోయాడు, ఆగలేదు. కానీ తన బండి కట్టించి, పెట్టెను బస్సు దాకా దించి రమ్మని జీతగానికి చెప్పాడు. బండిలో కొత్త గడ్డి పరిచి ఉంది.

మళ్ళీ కుందేటి ఒడ్డున

ఇంటిదాకా పోకుండా దీనమ్మ దగ్గర దిగాను. గుడిసె ముందు పెట్టె దించడం చూసే ఆమెకు అర్థమైంది. నన్ను పట్టుకొని పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు విని పల్లెలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మా అమ్మను ఎన్నడూ చూడనివాళ్ళు, మా నాయన అయితే కళ్ళంలో గింజలు ఏరుకోవడానికి కూడా రానీయని ఇండ్లవాళ్ళు, మా అమ్మ పేరు పెట్టి శోకం తీశారు. అప్పుడు నాకు గొంతు వచ్చింది. కూతురు ఏడ్చినట్టు ఏడ్చాను.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు, చుట్టుపక్కలవాళ్ళు తెచ్చి పెడతారు. మా ఊళ్ళో అన్న ఇంటికి తెచ్చి ఉంటారు. ఇక్కడ దీనమ్మ గుడిసెకు ఏడిండ్ల నుంచి సంగటి వచ్చింది. అది కరువు ఏడు, వాళ్ళ ఇండ్లలో పిల్లలున్నారు. ప్రభువు కోసం విడిచిన తల్లికి బదులు తల్లులు దొరుకుతారనే వాక్యం నేను ఎన్ని ఇండ్లలో చెప్పానో లెక్క లేదు. ఆ రోజు ఏడు గిన్నెలు ముందు పెట్టుకొని చూశాను. దొరికారు. అయినా నా తల్లి నాకు కావాలి.

మరునాడు దీనమ్మ, చీరలకు పురుగు పడుతుంది, ఎండకు వెయ్యి మే అంది. కట్టకపోయినా ఎండకు వేయడంలో తప్పు లేదు కదా అని మూత తీశాను. పై నుంచి ఒక్కొక్కటే తీసి గుడి ముందు బండల మీద పరిచాను. మొదటి ఏడూ అంచు లేని తెల్లవి. ఎనిమిదోది ముదురు నేరేడు రంగు, సన్నంచు. అక్కడ దీనమ్మ ఆగింది. ఈడ రంగు మారిందే, ఏడేండ్ల కిందట ఏమైంది అని అడిగింది.

ఏడేండ్ల కిందట మా ఇంటాయన పోయాడు.

ముత్తైదువుగా పోయిన మనిషికి తెల్లచీర ఎవరూ పెట్టరు. పోయిన మనిషి ఏ వయసున పోయిందో ఆ వయసుకు తగిన చీరే ఏటా పెడతారు. మిగిలినవీ తీశాను. కిందికి పోయేకొద్దీ రంగు తేరుకుంటూ వచ్చింది. అడుగు నుంచి ఐదో చీర మడతలో ఒక చిన్న పావడా ఉంది. నాలుగో దానిలో ఒకటి, దానికంటే నాలుగు వేళ్ళు కురచ. మూడో దానిలో ఇంకొకటి, పాలుతాగే పిల్లకు సరిపోయేది. ఆరో చీరలో లేదు. ఆ ఏడే నా బిడ్డ పోయింది. అన్నిటికంటే అడుగున చిలకపచ్చ చీర, ఎర్రంచు, కొంగుకు పసుపు. ఇరవై నాలుగేళ్ళ పడుచుకు కొన్నది.

రమీజాబీ మా అరుగు మీద కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. పిల్లకు నడక వచ్చిందా. దగ్గు తగ్గిందా. నేను సగం సగం చెప్పినవి కూడా ఆమె అమ్మకు మోసుకుపోయింది. గాజులు లేని చేతిని అమ్మ తడిమి ఏమీ అడగకపోవడం చూపు లేక కాదు.

చచ్చినవాళ్ళకు వయసు పెరగదు. అమ్మ చీరల్లో నాకు ఏటా ఒక ఏడు పెరిగింది.

దీనమ్మ చిన్న పావడాను తన ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళతో సర్దింది. "చచ్చినోళ్ళకు పెట్టలేదు మే ఆయమ్మ," అంది.

నమ్ముకున్నందుకు వెల చెల్లించింది నేనే అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. సాక్ష్యం చెప్పిన ప్రతి చోటా అట్లాగే చెప్పాను. నేను అడగకుండానే ఆ వెలలో సగం అమ్మ చెల్లించింది. ఆమెకు ఏ దేవుడూ ఏ మాటా ఇవ్వలేదు, అయినా చెల్లించింది.

ఇల్లు

తరువాత సంగతి ముందు చెబుతాను. మా సంఘం అయ్యగారికి అంతా చెప్పాను. కట్టకపోవడం సరైనదే అన్నారు, అవి బతికున్న నాకు పెట్టినవని తెలియని స్థితిలో అదే సాక్ష్యం అన్నారు. ఆయన మంచివారు. ఆ మాట నాకు ఎక్కడా తగల్లేదు. ఇప్పుడు తెల్లచీరల్లో ఒకటి కట్టుకొని ఆదివారం గుడికి పోతున్నాను. ఆయనకు తెలుసు. ప్రభువు బల్ల దగ్గర నాకు రొట్టె ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఇస్తారు. నేను ఆ క్షణం ఓర్చుకొని చెయ్యి చాపుతాను. నమ్మిన ప్రభువును విడవాలని ఒక్క పూటా అనిపించలేదు. కానీ ఆయన పేరు చెప్పి నేను చేసిన పనుల్లో ఏది ఆయనది, ఏది నాది అని ఇప్పుడు ఆగి చూసుకుంటున్నాను.

బస్సు దిగిన రోజు మాత్రం నేను నా ఇంటికి పోలేదు. పెట్టెను ఒక అరుగు మీద పెట్టించి, నేరుగా సుందరమ్మ ఇంటికి పోయాను. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. చూశావా అక్కా, మాట్లాడిందా అని అడిగింది. చూశాను, పండు తినింది, పోయింది అని చెప్పాను. ఏమిచ్చింది అంటే, చీరలు అన్నాను. ఎట్లాంటి చీరలో చెప్పాను. సుందరమ్మ పుల్లలు ఎగదోయడం మానేసి నా వైపు తిరిగింది.

"నువ్వు కట్టినావా అక్కా?"

"కట్టలేదు," అన్నాను. "కట్టి చూపించమని అడిగింది. కట్టలేదు. నీకు నేర్పింది తప్పు సుందరమ్మా. మీ అమ్మ ఉండాది గదా ఇంకా."

ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. సందు మలుపు తిరిగేదాకా చూశాను. పొయ్యి మీద ఎసరు పొంగుతూ ఉంది. దాన్ని దించి, మంట తగ్గించి, ఆ పిల్ల తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.